రెండు పేర్ల వెండి నాణెం

మా కోడలు నా పర్షియా వెండి నాణేన్ని చింతపండు రసంలో నానబెట్టి, పళ్లపొడితో తోమేసింది.

హైదరాబాద్ పాతబస్తీలో వెండి దుకాణంలో పనిచేసిన రోజుల్లో నాకు దక్కిన నాణెం అది. చదువు చిన్నప్పుడే ఆగిపోయినవాణ్ణి. దాని మీది అక్షరాల కోసమే ఫారసీ లిపి నేర్చుకున్నాను. ఢిల్లీని దోచుకుపోయిన పర్షియా రాజును సొంత మనుషులే చంపాక, గద్దె కోసం కొట్టుకున్న ప్రతివాడూ ముందు వెండి మీద తన పేరు వేయించుకున్నాడు. ఎవడి పేరుతో నాణెం చెల్లితే వాడే రాజు. కరిగించే తీరిక లేనప్పుడు పాత నాణెం మీదే కొత్త అచ్చు కొట్టేవారు. నాదీ అలాంటిదే. కొత్త పేరు కింద, అంచు దగ్గర, చచ్చిన రాజు పేరులోని రెండక్షరాలు వెంట్రుకంత సన్నగా మిగిలి ఉండేవి.

పెర్త్‌కు, కొడుకు ఇంటికి వచ్చాక, కానింగ్ వేల్‌లో నాణేల సంఘం ప్రదర్శన పెడుతోందని తెలిసి దీన్నీ పెట్టమన్నాను. నాణెం వాళ్లకు ఇవ్వాల్సిన ముందురోజు కోడలు దాన్ని నా అరచేతిలో పెట్టింది.

"ఎట్లుంది మామయ్యా? మస్తు నల్లగుండె. అంతమంది ముందల అట్లనే పెడ్తరా? ఇజ్జత్ పోతది."

అద్దంలా ఉంది. అంచు దగ్గరి ఆ రెండక్షరాలు లేవు. కోపం కూడా రాలేదు. బాగుందన్నాను.

సంఘం కార్యదర్శి, నా ఈడు తెల్లాయన, భూతద్దం పెట్టి చూశాడు.

"సారీ మేట్, ఒక్క పేరే ఉంది. రెండోది మీరు కాక ఇంకెవరైనా చూశారా? వాళ్లొచ్చి చెబితే నాణెం పక్కన పెట్టే చీటీ మీద రాస్తాను."

డిగ్రీ లేని ముసలాడి కళ్లు సాక్ష్యానికి చాలవన్నమాట! చదివింది నేను, అరవై ఏళ్లు దాచింది నేను. ఫోటో తీసుకోవాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

చూసిన మనిషి ఇంట్లోనే ఉంది. పెళ్లయిన కొత్తలో కోడల్ని కిటికీ దగ్గర నిలబెట్టి ఆ అక్షరాలు చూపించాను. "ఆ, కనవడ్తున్నయి" అంది. ఆ మాటే వచ్చి ఆయనకు చెప్పమని అడిగాను. ఆ వారమంతా ఏదో పని పెట్టుకుని తప్పించుకుంది. శనివారం కూరగాయలు కొనుక్కుని వచ్చాం. ఇంటి ముందు కారు ఆపాక మళ్లీ అడిగాను. స్టీరింగ్ మీద నుంచి చేతులు తియ్యకుండా అంది:

"అప్పుడు నాకేం కనవడలే మామయ్యా. కొత్త కోడల్ని. మీరు అంత సంబరంగ చూపిస్తుంటే కనవడ్తలేదని ఎట్ల చెప్త?"