బాబాయి మాటకు సరిపోయే మెమరీ

మా పిన్నికి కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. బాగుచేసిన ఏ కంప్యూటరునైనా ఒక రోజంతా పరీక్షకు పెట్టనిదే గడప దాటనిచ్చేది కాదు. ఎవరైనా తొందరపెడితే, "ఇవాళ పట్టుకెళ్లి రేపు నన్ను తిట్టుకుంటారా?" అని కసిరేది.

బాబాయి బస్సు కండక్టరు. నోరు తెరిస్తే ఆఖరి స్టాపు దాకా మూసేవాడు కాదు. గొంతు ఆపరేషనుతో ఆ గొంతే పోయింది. చేతుల వణుకు వల్ల కలం పట్టలేడు. ఒక్క వేలితో అక్షరాలు నొక్కితే పాత కంప్యూటరు పైకి చదివేది. మెమరీ చాలక అదీ నత్తనడకే. బాబాయి జోకు వేస్తే, వచ్చినవాళ్లు చెప్పులు వేసుకుంటుండగా వినిపించేది. వాళ్లు మొహమాటానికి నవ్వేవారు. రానురాను ఆయన నొక్కడమే మానేశాడు.

ఆ మాట్లాడే ప్రోగ్రాము కొత్త కంప్యూటర్లలో పనిచేయదు. ఉన్నదానికే మెమరీ పెంచాలి.

"బజార్లో ఏదో ఒకటి కొనెయ్యరాదూ?" అన్నాను.

"కొత్తవి దీని గాడిలో పట్టవు. గాడి కుదరాలి, వోల్టేజీ కలవాలి, లోపలున్న పాతదానితో పడాలి. దీనికంటే నీకు సంబంధం చూడటం తేలిక," అంది పిన్ని.

ఒకటి గాడిలో పట్టింది గానీ తెర బిగుసుకుపోయింది. చివరికి ఎవరో పారేసిన కంప్యూటర్లో సరైన జోడు దొరికింది. తెర వెలగగానే బాబాయి గబగబా కుర్చీ లాక్కున్నాడు.

"ఆగండి, పరీక్ష అవ్వాలి. మాట మధ్యలో ఆగిపోతే మళ్లీ మీరే చిన్నబుచ్చుకుంటారు."

బాబాయి ఊరుకోలేదు. ఖాళీ బల్ల మీదే వేలితో ఏవో అక్షరాలు నొక్కి ఆమె వంక చూశాడు.

"రేపు చెబుదురుగాని లెండి," అని పిన్ని నవ్వింది.

తెల్లారేసరికి ఆయన నిద్రలోనే పోయాడు. ముందు గదిలో పరీక్ష నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆయన్ని సాగనంపి వచ్చేసరికి, ఒక్క తప్పూ లేదని తెర మీద పడి ఉంది. పిన్ని దాని ముందు కూలబడి, "ఏం చెప్పబోయారండీ?" అని ఏడ్చింది. నాకైతే దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

ఇప్పుడు ఆ దుకాణంలో పరీక్షల్లేవు. బాగవగానే చేతికిచ్చేస్తుంది.

"పరీక్షకు పెట్టలేదేంటమ్మా?" అని పాతవాళ్లు ఆశ్చర్యపోతే, "ముందు పట్టుకెళ్లి వాడుకోండి. పాడైతే మళ్లీ తెద్దురుగాని," అంటుంది.