కదురు లోపల ఎర్ర నూనె

2022 దసరా. ప్రత్తిపాడు దాటాక పత్తిచేల మధ్యన ఉన్న ఒక స్పిన్నింగ్ మిల్లులో నేను అప్పుడు మెయింటెనెన్స్ ఫిట్టర్ని. పేరు నాగుల్ మీరా. మా అన్నదమ్ములంతా మిర్చి వ్యాపారంలో స్థిరపడ్డారు. నేనొక్కణ్ణే పత్తి వైపు వచ్చి పడ్డాను. ఎందుకురా అని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పేవాణ్ణి: ఒకసారి వచ్చి రింగ్ ఫ్రేమ్ చూసి, తర్వాత అడగండి.

రింగ్ ఫ్రేమ్ అంటే దూదిని చివరికి నూలుగా వడికే పొడవాటి మిషన్. దాని రెండు పక్కలా స్పిండిళ్లు, అంటే మన కదుర్లు, వందల కొద్దీ వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటీ నిమిషానికి పదిహేను వేల చుట్లకు పైగా తిరుగుతుంది. మిషన్ వేగం అందుకునేటప్పుడు కాసేపు అన్నీ వణుకుతున్నట్టు కనిపిస్తాయి. ఆ తర్వాత ఒక్కసారిగా, అన్నీ కదలకుండా నిలబడిపోయినట్టు ఉంటుంది. తిరుగుతున్నాయని కంటికి తెలియదు. పాతికేళ్లుగా చూస్తున్నాను, ఇప్పటికీ ఆ క్షణాన నా ఒళ్లు జలదరిస్తుంది. "ఇనుమును చూసి పులకరించే మనిషిని మిమ్మల్నే చూశా" అని మా ఆవిడ నవ్వుతుంది. ఆవిడ చూడలేదు కాబట్టి నవ్వుతుంది.

ఇంకా పెద్ద వింత కింద ఉంది. కదురు కింది భాగం బోల్‌స్టర్ అనే సన్నటి ఉక్కు గొట్టంలో కూర్చుంటుంది. ఆ గొట్టంలో నీళ్లంత పల్చటి నూనె చెంచాడు పోస్తాం. అంత వేగమూ ఆ చెంచాడు నూనె మీదే! నూనె తగ్గితే కదురు మాడిపోతుంది. ఎక్కువైతే నురగ కట్టి పైకి చిమ్మి నూలు పాడు చేస్తుంది. బోల్‌స్టర్‌ని ఫ్రేమ్ పొడవునా ఉండే ఇనప పట్టాకి బిగించేటప్పుడు, కదురు తన చుట్టూ ఉన్న ఉక్కు రింగుకి నట్టనడుమ నిలబడాలి. వెంట్రుకవాసి ఒరిగినా దారం తెగుతుంది. ఒక్కొక్కదానికీ గేజ్ పెట్టి, చూసి, నట్టు బిగించి, మళ్లీ చూస్తాం. నట్టు బిగిస్తుంటే అదో పిసరు జరుగుతుంది, పాడుది. మళ్లీ వదులు చేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఓపిక లేనివాడు ఈ పనికి పనికిరాడు.

ఎనిమిదో ఫ్రేమ్ కోటమ్మక్కది. నిజానికి మిల్లుదే, కానీ ఆ మాట ఆమె ముందు అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఆమె సైడర్. ఫ్రేమ్ పొడవునా అటూ ఇటూ నడుస్తూ, తెగిన దారాలను వేలి కొసతో అతికించే పని. భర్త పోయి చాలా ఏళ్లయింది. చేతి పనే ఆమె ఆస్తి. నోరు మాత్రం మిల్లు శబ్దాన్ని దాటి వినిపించేది. నేను పానా పట్టుకుని అటు వెళ్తే చాలు, "ఏంది తమ్ముడూ, బాగా తిరిగేదాన్ని పట్టుకుని ఎందుకు కెలుకుతావ్? పో, నీకు పని లేకపోతే క్యాంటీన్‌లో టీ తాగు!" అనేది.

ఆయుధ పూజ రోజు మాత్రం ఆ నోరు పెగిలేది కాదు. మిల్లులో ఆడవాళ్లు మిషన్లకు పసుపు రాసి కుంకుమ పెడతారు. మొదటి చెయ్యి ముత్తైదువది కావాలని పద్ధతి. కోటమ్మక్క ప్రతి ఏడూ స్తంభం పక్కకి తప్పుకుని నిలబడేది. తన ఫ్రేమ్‌కి వేరే షిఫ్టు అమ్మాయి బొట్టు పెడుతుంటే చూసేది.

ఆ ఏడాది పండక్కి మిల్లు ఆపగానే ఎనిమిదో ఫ్రేమ్‌కి నూనె మార్చే పని పెట్టుకున్నాం. కదుర్లన్నీ పీకి ట్రేలలో పేర్చాం. పంపుతో పాత నూనె లాగేసి, బోల్‌స్టర్లు కడిగేశాం. అంతా అయ్యాక తెలిసింది, గుంటూరు నుంచి రావాల్సిన కొత్త నూనె డ్రమ్ము రాలేదని. పండగ పూట లారీ ఎవడు తోలతాడు? ఖాళీ బోల్‌స్టర్ల మీద పాలిథిన్ కప్పి, పట్టాకి కట్టేసి ఇళ్లకి వెళ్లాం. పూజ మాత్రం ఆడవాళ్లు మోటారుండే మిషన్ తలకాయ దగ్గర చేసుకున్నారు. పండగ వెళ్లాక డ్రమ్ము వచ్చింది. నూనె పోసి, కదుర్లు దించి, ఫ్రేమ్ నడిపాం.

నడిపామా, నా ప్రాణం గిలగిల్లాడింది. కదుర్లు ఎంతకీ నిలవడం లేదు. ఫ్రేమ్ మొత్తం గురక పెడుతోంది. దారాలు ఇక్కడ అతికితే అక్కడ తెగుతున్నాయి. కోటమ్మక్క పరుగులు పెడుతోంది గాని నోరు మెదపడం లేదు. మామూలుగా అయితే ఈపాటికి నన్ను నా ఏడు తరాలతో సహా తిట్టిపోసేది. బోల్‌స్టర్ మీద చెయ్యి వేశాను. అట్లకాడతో వాత పెట్టినట్టు కాలింది. ఫ్రేమ్ ఆపించాను.

ప్రొడక్షన్ మేనేజర్ సుధాకర్ గారు వచ్చారు. నేను ఒక కదురు పీకి, పంపుతో లోపలి నూనెను గాజు సీసాలోకి లాగాను. కొత్త నూనె, ఇంకా తెల్లగా మెరవాలి. బురదలా వచ్చింది. ఎర్రగా.

"కారం!" అన్నారు సుధాకర్ గారు. "ఎవడో కావాలని కారం పోశాడు మీరా! మొన్న షిఫ్టుల గొడవలో అరిచినవాళ్లలో ఎవడో ఒకడు. వదిలిపెట్టను. ఎవరో తేలితే ఉద్యోగం నుంచి తీసేసి పోలీసులకి అప్పజెప్తా."

గుంటూరు జిల్లాలో ఎర్రపొడి ఏది కనిపించినా ముందు కారమే గుర్తొస్తుంది, ఆయన తప్పేం లేదు. నేను సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"మిర్చి వ్యాపారుల ఇంట్లో పుట్టాను సార్, నాకు కారం వాసన తెలీదా? కారమైతే ఈ వేడికి మనిద్దరం ఈపాటికి తుమ్మి తుమ్మి చచ్చేవాళ్లం. ఇది వేరే."

వేళ్ల మధ్య నలిపాను. ఎర్రదనం కింద పసుపు. నూనెలో అక్కడక్కడా నీటి బొట్లు కూడా. ఇంకో కదురు పీకాను. అదే. ఇంకోటి, ఇంకోటి. అటు పక్కకి వెళ్లి మధ్యలోంచి ఒకటి, చివరనుంచి ఒకటి. అన్నిట్లోనూ అదే ఎరుపు, అంతే కొలత. ఒక్కటీ తప్పిపోలేదు. కోపంతో చేసేవాడు పదింటిలో పోసి పారిపోతాడు. ఇన్ని వందల బోల్‌స్టర్ల దగ్గర, ఒక్కొక్కదాని ముందూ వంగి, సమానంగా ఇంత ఓపిక చూపించింది ఎవరబ్బా అనుకున్నాను. ఆ ఓపిక ఏమిటో నాకు తెలుసు. నేను గేజ్ పట్టుకుని చేసేది అదే పని.

"నేనేనండి." వెనక నుంచి కోటమ్మక్క గొంతు. ఎప్పుడూ వినని గొంతు, గుసగుసలా ఉంది. "పోలీసులని పిలవకండి బాబూ. నేనే పెట్టా."

"ఏం పెట్టావక్కా?" అన్నాను.

"బొట్టు."

పూజ రోజు అందరూ ప్రసాదాలకి వెళ్లాక ఆమె ఒక్కతే ఫ్రేమ్ దగ్గరికి వచ్చిందట. పాలిథిన్ ఎత్తి చూసిందట.

"ఇన్నేళ్లు దీని పక్కనే నడిచా గాని లోపలెట్టా ఉంటదో ఎప్పుడూ చూళ్లా తమ్ముడూ. కదుర్లు లేకుండా ఆ గొట్టాలన్నీ బోసి మొహాలతో వరసాగ్గా నన్నే చూస్తన్నట్టు అనిపించింది. పండగ పూట అట్టా ఎట్టా వదిలేసేది? తడి పసుపు రాసి, అన్నిటి అంచులకీ బొట్టు పెట్టా. ఒకదానికి పెట్టి ఒకదానికి మానేస్తే అది చిన్నబోదా? తర్వాత భయమేసింది. ఎవరు పెట్టారని అడుగుతారుగా? నేను పెట్టకూడదుగా. అందుకని పైట కొంగుతో అన్నీ తుడిచేశా."

తుడిచినప్పుడు పసుపూ కుంకుమా తడితో సహా గొట్టాల్లోకి జారాయి. పైన అంచులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి మాకు అనుమానం రాలేదు.

"అందుకే ఇట్టా అయింది," అంది ఆమె. కళ్ల నీళ్లు ఆగడం లేదు. "నా చెయ్యి మంచిది కాదు తమ్ముడూ. నా చెయ్యి పడబట్టే మిషను చెడిపోయింది. నన్ను తీసేయండి, ఫర్వాలా. దీన్ని మాత్రం బాగు చెయ్యండి."

సుధాకర్ గారు నా చేతిలోంచి సీసా తీసుకుని వెలుతురుకి పట్టి చూశారు. "శనివారం లోపు ఫ్రేమ్ నడిస్తే నేను పైవాళ్లకి ఏమీ చెప్పను," అన్నారు. "నడవకపోతే ఇది నా చేతిలో ఉండదమ్మా, ముందే చెప్తున్నా." ఆయన వెళ్లిపోయారు.

ఉద్యోగం సంగతి అలా శనివారానికి ముడిపడింది. ఉద్యోగం పోతే ఇంకో మిల్లు చూసుకుంటుంది, ఆ చేతికి పని దొరక్కపోదు. కానీ ‘నా చెయ్యి మంచిది కాదు’ అన్న మాట పట్టుకుని ఆమె ఎక్కడికి వెళ్తుంది? అది తలుచుకుంటే నాకు కోపం వచ్చింది.

మళ్లీ అన్ని కదుర్లూ పీకాం. నూనె లాగాం, కడిగాం, ఆరబెట్టాం, మళ్లీ కడిగాం. గేజ్ పెట్టి ప్రతిదాన్నీ నట్టనడుమకి తెచ్చాం. నూనె పోసే సమయానికి నేను చేతి పంపు తీసుకుని కోటమ్మక్క దగ్గరికి వెళ్లాను. ఒక్కసారి నొక్కితే సరిగ్గా కావాల్సినంత నూనె పడే పంపు అది.

"పట్టుకో."

"అమ్మో, నేనా! నన్ను ముట్టుకోమనకు తమ్ముడూ, నీకు దణ్ణం పెడతా."

"అక్కా, సీసాలో చూశావుగా. చెడగొట్టింది నీళ్లు, పొడి. నా చేత్తో పడినా అంతే అయ్యేది, ఆ మేనేజర్ చేత్తో పడినా అంతే అయ్యేది. గొట్టానికి చెయ్యి ఎవరిదో తెలీదు. నూనె ఒక్కటే తెలుసు. నమ్మకపోతే నువ్వే పోసి చూడు. నడవకపోతే నాదీ పూచీ, ఇద్దరం కలిసే ఇంటికి పోదాం."

మొదటి నాలుగైదింటికి ఆమె నొక్కిన ప్రతిసారీ నా మొహం కేసి చూసింది. నేను పుల్ల పెట్టి మట్టం చూశాను. సరిగ్గా ఉంది. తర్వాత నా వైపు చూడకుండానే పోసుకుంటూ పోయింది. అప్పుడు ఒక కదురు తీసి ఆమె పోసిన బోల్‌స్టర్‌లో నిలిపి వదిలాను. కొత్త నూనెలో కదురు దబ్బున పడదు. గాలిని మెల్లగా పైకి తోస్తూ, తీరిగ్గా దిగుతుంది. కోటమ్మక్క వంగి చూసింది.

"లోపల ఎవరో చేతుల్లోకి తీసుకుని దించుకుంటన్నట్టుంది తమ్ముడూ," అంది.

పాతికేళ్లుగా నేను చూస్తున్నదానికి మాట దొరికింది.

శనివారం ఫ్రేమ్ నడిపాం. మిగతా సైడర్లు కూడా తమ పని వదిలి వచ్చి నిలబడ్డారు. కదుర్లు వణికాయి. వణుకుతూ వణుకుతూ వేగం అందుకున్నాయి. ఆ తర్వాత, యా అల్లా, ఆ చివర నుంచి ఈ చివరదాకా అన్నీ ఒక్కసారిగా నిలబడిపోయాయి! గురక లేదు. నూలు వెన్నలా చుట్టుకుంటోంది. నేను కోటమ్మక్క చెయ్యి పట్టుకెళ్లి బోల్‌స్టర్ మీద పెట్టాను. ఆమె దాన్ని తాకి, పక్కది తాకి, ఆ పక్కది తాకి, అలా తాకుతూ ఫ్రేమ్ చివరిదాకా నడిచి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఏడుస్తూ నవ్వుతోంది. సుధాకర్ గారు తానూ చెయ్యి వేసి చూసి, "కోటమ్మ గారూ, అక్కడేదో దారం తెగింది చూడండి," అని మాత్రం అన్నారు. ఆమెను ఆయన గారూ అనడం అదే మొదటిసారి.

ఆ తర్వాత నేను ఏ ఫ్రేమ్ విప్పినా ముందు దాని సైడర్‌ని పిలిచి లోపల ఏముందో చూపించడం అలవాటు చేసుకున్నాను. తమ చేతుల కింద తిరిగేదాని కడుపులో ఏముందో వాళ్లకి తెలియాలి. మూతలేని బోల్‌స్టర్‌ని పండక్కి వదిలిపెట్టడం కూడా మానేశాను లెండి.

మరుసటి దసరాకి కదుర్లన్నీ బిగించే ఉంచాం. పూజ పళ్లెం ఎనిమిదో ఫ్రేమ్ దగ్గరికి వచ్చేసరికి కోటమ్మక్క అలవాటుగా స్తంభం పక్కకి తప్పుకుంది. నేను పళ్లెం అందుకున్నాను. అందరూ నా వైపు వింతగా చూశారు.

"సాయిబుని, మీ పద్ధతులు నాకు తెలీవమ్మా," అన్నాను. "మా ఫిట్టర్ల పద్ధతి ఒకటుంది. మిషన్‌కి నూనె పోసిందెవరో వాళ్లదే మొదటి చెయ్యి."

అలాంటి పద్ధతి ఏదీ లేదు. అప్పుడే పెట్టాను. ఎవరూ కాదనలేదు. కోటమ్మక్క పళ్లెం తీసుకుని, కుంకుమ వేలికి అద్దుకుని, మొదటి కదురు ముందు వంగింది. వంగినదల్లా ఆగి తల తిప్పింది.

"ఏం తమ్ముడూ, ఈసారి లోపలికి పడదుగా?" అని గట్టిగా అరిచింది, మిల్లంతా వినబడేలా.