టబ్బు తీయించిన తర్వాత

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఏడిపించడంలో మా కార్ఖానాలో నన్ను మించినవాడు లేడు. ఫలానా షెడ్డులో మనిషి లేకుండా సాంచాలు వాటంతట అవే నడిచాయట అని ఎవరైనా మొదలుపెడితే, "మరి తెగిన పోగులు ఎవలు అతికిండ్రు?" అని అడిగేవాణ్ణి. పవర్‌లూమ్‌ని మేము సాంచ అంటాం. పోగు తెగితే అది ఆగిపోతుంది, మనిషి వచ్చి ముడి వేస్తే తప్ప కదలదు. అంత చిన్న సంగతి తెలియని దయ్యం నాకెందుకు అనేవాణ్ణి.

ఇది రాస్తున్నప్పుడు కూడా నేను పెద్దగా మారలేదు. నాకు జరిగింది మాత్రం చెప్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మాది సిరిసిల్ల దగ్గర ఊరు. నేను పుట్టకముందే నాయన సూరత్ వచ్చి, అక్కడి లింబాయత్ పేటలో ఒక షెడ్డులో సాంచాలు నడిపాడు. అమ్మ అదే షెడ్డులో కండెలు చుట్టింది. నేను సూరత్ శివార్లలో సచిన్ అనే చోట ఒక కార్ఖానాలో మాస్టర్‌ని. మాస్టర్ అంటే చదువు చెప్పేవాడు కాదు, సాంచ చెడిపోతే బాగుచేసేవాడు. ముప్ఫై సాంచాలు ఒక్కసారిగా మోగుతున్నప్పుడు దేని చప్పుడు తేడాగా ఉందో గుమ్మంలో నిలబడే చెప్పగలను. గొప్ప కోసం చెప్పడం లేదు. శబ్దం విషయంలో నేను తేలిగ్గా పొరపడే మనిషిని కాదని ముందే తెలియాలి.

సాంచాలు నడుస్తుంటే మాట వినబడదు. గొంతు చించుకున్నా పక్కవాడికి చేరదు. అందుకని అమ్మానాయనలు పనిచేసిన షెడ్డులో ఇనుము మీద కొట్టి పిలుచుకునేవాళ్లు. మూడు దెబ్బలు కొడితే "ఇటు రా" అని. పిలుపు అందుకున్నవాడు తన సాంచ మీద రెండు కొడితే "వస్తున్నా" అని. మిగతాదంతా చేతి సైగలే. ముప్ఫై ఏళ్లు ఆ చప్పుడులో ఉండి నాయనకు చెవులు దాదాపు పోయాయి. అమ్మకు వినబడేది గానీ, అరిచి పిలిచే అలవాటే పోయింది. అమ్మ గట్టిగా కేక వేయగా నేను ఎప్పుడూ వినలేదు.

కరోనాకు రెండేళ్ల ముందు సూరత్‌లోనే కతర్‌గామ్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఇల్లు కొన్నాం. అమ్మినవాళ్లు వజ్రాల పని చేయించే కుటుంబం. బాత్రూంలో పోత ఇనుముతో చేసిన పెద్ద తెల్ల టబ్బు వదిలేసి వెళ్లారు. మొదటిరోజు మా ఇంటిల్లిపాదీ దాని చుట్టూ నిలబడి చూశాం. "దీంట్ల నూలు మంచిగ నానబెట్టొచ్చు," అన్నాడు నాయన. అమ్మ అయితే ఒక్కరోజు కూడా దాన్ని నింపలేదు. లోపల పీట వేసుకుని, పక్కన బకెట్ పెట్టుకుని, స్టీలు చెంబుతో నీళ్లు పోసుకునేది. అంత టబ్బులో కూర్చుని చెంబుస్నానం ఏమిటని నా భార్య రజిత పడీపడీ నవ్వేది.

చిక్కల్లా టబ్బులోంచి దిగడంలో ఉంది. దాని అంచు మోకాలి ఎత్తు. అమ్మ మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి. అందుకని స్నానం అయ్యాక చెంబుతో టబ్బు మీద మూడు కొట్టేది. గోడకు ఇవతల, హాల్లో, దానికి ఆనించి నాయన ఇనుప పైపుల మంచం ఉండేది. ఆయనకు చప్పుడు వినబడేది కాదు, మంచం అదిరితే తెలిసేది. వేలికున్న వెండి ఉంగరంతో మంచం పైపు మీద రెండు కొట్టి, మెల్లగా లేచి వెళ్లి అమ్మకు చెయ్యి ఇచ్చేవాడు. మొదటి లాక్‌డౌన్‌లో అందరం ఇంట్లోనే ఉన్నాం కాబట్టి ఇది రోజూ చూశాం. "అత్తమ్మ ఫోన్ చేసింది, మామయ్య ఎత్తిండు," అనేది రజిత.

రెండో వేవ్‌లో అమ్మానాయనలిద్దరికీ కరోనా వచ్చింది. నాయన తన కాళ్లతో తాను నడిచి ఆసుపత్రికి వెళ్లాడు. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. ఇంటికి తీసుకురానివ్వలేదు, స్నానం చేయించనివ్వలేదు. ప్లాస్టిక్‌లో చుట్టేశారు. ఉంగరం చేతికే ఉంది. తీసి ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మ మంచం పట్టి ఉండి ఆ రోజు ఏమీ చూడలేదు. ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.

అమ్మ బతికింది, కాళ్లలో సత్తువ మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత కూడా ఆమె స్నానం అయ్యాక టబ్బు మీద మూడు కొట్టేది. నేనో రజితో వెళ్లి పట్టుకునేవాళ్లం. తిరిగి రెండు కొట్టాలని మాకెవరికీ తోచలేదు.

వానాకాలంలో ఒకరోజు నేను వెళ్లడం కాస్త ఆలస్యమైంది. ఫోన్‌లో ఉన్నాను. అమ్మ తనే దిగబోయి జారింది. అంచు పక్కటెముకలకు తగిలి, రెండు వారాలు పక్క మీద నుంచి లేవలేదు. అప్పటి నుంచి నాకు మనశ్శాంతి పోయింది. కార్ఖానాలో ఉన్నంతసేపూ ఫోన్ మోగితే పానా పక్కన పడేసి ఎత్తేవాణ్ణి. రజిత ఉప్పు తెమ్మని చేసినా సరే. నాయన్ని ఆసుపత్రికి పంపి చేతులు కట్టుకుని కూర్చున్నాను, అమ్మను కూడా నా అజాగ్రత్తతో పోగొట్టుకుంటానేమోనని ఒకటే భయం. టబ్బు తీసేయించాలని పట్టుబట్టాను.

అమ్మ ఒప్పుకోలేదు. "ఉండనియ్ రా బిడ్డా. నేను పైలంగ దిగుత," అంది. మూడు నాలుగు సార్లు అంది. ఆమె అంతగా ఎందుకు అడ్డుపడుతోందో నేను అడగలేదు. ముసలివాళ్ల మొండితనం అనుకున్నాను.

దీపావళికి కార్ఖానాలకు సెలవులు. మన్సుఖ్‌భాయ్ అనే కడియాను పిలిపించాను. తాపీ మేస్త్రీని ఇక్కడ అలా అంటారు. టబ్బు తలుపులోంచి పట్టకపోవడంతో సమ్మెటతో పగలగొట్టాడు. ఒక్కో దెబ్బకు ఇల్లంతా అదిరింది. అమ్మ లోపలి గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. సాయంత్రానికి పాత ఇనుము కొనే భంగార్‌వాలా వచ్చి ముక్కలన్నీ తీసుకుపోయాడు.

ఆ చోట నేల చదును చేయించి, కాలు జారని గరుకు టైల్స్ వేయించాను. రెండు గోడలకూ పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు, చేతికందే షవరు, కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూలు పెట్టించాను. తలుపుకి లోపలి గడియ తీయించాను. నీళ్లు హాల్లోకి రాకుండా చుట్టూ రెండంగుళాల గట్టు కట్టమన్నాను. "వాలు ఉంది కదా, గట్టు అక్కర్లేదు," అన్నాడు మన్సుఖ్‌భాయ్. నేను వినలేదు. పని అయ్యాక వీడియో తీసి చుట్టాలందరికీ పంపాను. అంత సంబరపడ్డాను.

పిలవడానికి ఒక బెల్లు కూడా పెట్టించాను. అమ్మ దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు. "గంట కొట్టి పిలిచెటంత దొరసానినా నేను," అనేది. ప్లాస్టిక్ స్టూలు, ప్లాస్టిక్ మగ్గు, గోడకు బిగించిన కడ్డీలు, కొడితే హాల్లోకి వినబడేది ఒక్కటీ లేదు. నీళ్లు పోసుకునే చెంబు వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె పిలిచే సాధనాన్ని నా చేతులతో నేనే పగలగొట్టించి పంపేశానని నాకు అప్పుడు తట్టలేదు. ఇనుము మీద కొట్టి పిలుచుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకే తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

మూడో వేవ్‌లో నాకు జ్వరం వచ్చింది. అమ్మకు అంటకూడదని మాస్కు కట్టుకుని హాల్లో నాయన మంచం మీద పడుకున్నాను. అమ్మను రజిత చూసుకుంటోంది. మూడోనాటికి జ్వరం తగ్గింది. పొద్దున పదకొండు గంటలప్పుడు అమ్మ స్నానానికి వెళ్లింది. రజిత వంటింట్లో ఉంది. నేను మెలకువగానే ఉన్నాను, ఫోన్‌లో ఏదో చూస్తున్నాను.

నా తల పక్కన మంచం పైపు రెండుసార్లు మోగింది.

సన్నగా, గట్టిగా, ఉంగరంతో కొట్టినట్టు. దిండులోంచి నా పుర్రెకు తెలిసింది. నా రెండు చేతులూ ఫోన్ మీద ఉన్నాయి. నా వేళ్లకు ఉంగరాలు లేవు.

"మంచమెందుకు కొడ్తున్నరు? చాయ్ గావాల్నా?" అని వంటింట్లోంచి రజిత అడిగింది.

ఆమెకూ వినబడింది. జ్వరం వల్ల పుట్టిన భ్రమ కాదు. రెండు దెబ్బలంటే ఏమిటో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎవరో పిలిచారు, ఎవరో వస్తున్నానన్నారు. నేను ఆలోచించి లేచానని చెప్పలేను. లేచేసరికే బాత్రూం తలుపు దగ్గర ఉన్నాను.

అమ్మ నేల మీద బోర్లా పడి ఉంది. షవరు పారుతూనే ఉంది. చీర కొంగు వెళ్లి నీళ్లు పోయే జాలీకి అడ్డం పడింది. నేను పట్టుబట్టి కట్టించిన గట్టు లోపల రెండంగుళాల నీళ్లు నిలిచాయి. ఆమె ముక్కూ నోరూ ఆ నీళ్లలో ఉన్నాయి.

ఎత్తి ఒళ్లో వేసుకున్నాను. రజిత వచ్చి వీపు రుద్దింది. అమ్మ దగ్గింది, నీళ్లు కక్కింది, చాలాసేపటికి కళ్లు తెరిచింది. మాస్కు ఎక్కడ జారిపోయిందో కూడా నేను చూసుకోలేదు. అమ్మ నా ముఖం చూసింది. తర్వాత నా భుజం మీదుగా తలుపు వైపు చూసింది.

"నువ్వొచ్చినవేంది రా?" అంది.

ఆసుపత్రిలో ఒంట్లో ఉప్పు పడిపోయిందని, దాంతో స్పృహ తప్పిందని చెప్పారు. ఇంకో నిమిషం ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. మూడు రోజుల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. నేను చేసిన మొదటి పని ఆ గట్టును సుత్తి పెట్టి కొట్టేయడం.

రెండో పని మంచాన్ని పరీక్షించడం. బోల్టులన్నీ విప్పి బిగించాను. వదులుగా ఒక్కటీ లేదు. పైపులోకి ఏమైనా దూరిందేమోనని చూశాను. రజితను మంచం మీద కూర్చోబెట్టి, బాత్రూం గోడ మీద చేత్తో, చెక్కతో, సుత్తితో కొట్టి చూశాను. కొత్త టైల్స్ వేశాక మంచానికి ఏమీ చేరడం లేదు. పైన, కింద ఇళ్లలో ఆ రోజు ఏ పనీ జరగలేదని అడిగి తెలుసుకున్నాను. గోడలో నీళ్ల పైపు కొట్టుకుంటే ఒక్కోసారి చప్పుడు వస్తుంది, నిజమే. కానీ ఆ చప్పుడు గోడలోంచి వస్తుంది. నేను విన్నది మంచంలో. ఇరవై ఏళ్లు చెవినే నమ్ముకుని బతికినవాణ్ణి, ఆ తేడా నాకు తెలియకుండా ఉండదు.

అమ్మకు ఈ సంగతి మేమిద్దరం చెప్పలేదు. రజిత చేత ఒట్టు కూడా వేయించుకున్నాను. నాకు చెప్పడానికే భయమేసింది.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం అమ్మ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను పక్కనే ఉన్నాను. ఏ సందర్భమూ లేకుండా తనే మొదలుపెట్టింది.

"ఆ దినం నేను వడ్డంక జరసేపు తెలివి ఉండె. లేవరాలే. వేళ్లతోని కింద బండ మీద మూడు మార్లు కొట్టిన."

తడిసిన టైల్ మీద వేళ్లతో కొడితే పక్కన కూర్చున్నవాడికి కూడా వినబడదు.

"మీ నాయన పలికిండు," అంది అమ్మ. "వస్తున్న అన్నడు. చూస్తే నువ్వు ఉరికొచ్చినవ్."

గింజ తీసి పక్కన పడేసింది. ఇంకోటి తీసింది. ఆయన వస్తున్నది నిన్ను లేపడానికా అమ్మా, తీసుకుపోవడానికా అని అడగాలనిపించింది. అడిగితే ఆమె చెప్పేస్తుందేమోనని భయపడి అడగలేదు.

చాలాసేపటికి, చింతపండు చేత్తోనే నా మోకాలి మీద తట్టింది.

"మంచిగనే చేసినవ్ తియ్ బిడ్డా," అంది.

మంచం సంగతి ఏ చదువుకున్నవాడో ఏదో ఒక రోజు నాకు తెలియజెప్తాడేమో. చెప్తే ఒప్పుకుంటాను, నాకేమీ పట్టింపు లేదు. కానీ ఆ ఒక్క మాట అనడానికి అమ్మకు అంతసేపు ఎందుకు పట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.