దీవెనమ్మ టీచర్, సాయవ్వ, నేను

మొన్న మధ్యాహ్నం కరెంటు మీటరు చూసే మనిషి వచ్చి, ఎన్నిసార్లు పిలిచినా ఎవరూ పలకకపోయేసరికి, రాయి తీసుకుని మా ఇనుప గేటును టంగుటంగున కొట్టాడు. నేను వంటింట్లో పప్పు కడుగుతున్నాను. గిన్నె చేతిలోంచి జారి నానిన కందిపప్పు నేలంతా పరుచుకుంది. గట్టు పట్టుకుని నిలబడ్డాను. నిజామాబాదులో ఈ ఇంటికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నాకు అరవై దగ్గర పడుతోంది. అయినా రాయి ఇనుముకు తగిలిన చప్పుడు వింటే నా ఒళ్లు బోధన్‌లోని ఒక ఆదివారం మధ్యాహ్నానికి వెళ్లిపోతుంది. ఆ రోజు గేటుకు ఇవతల నా పక్కన ఉన్న మనిషి గురించి, ఆమెను ఎరగనివాళ్లకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఎనభైల చివర్లో టీచర్ ట్రైనింగు ముగించి, ఉద్యోగం దొరికేదాకా ఉందామని బోధన్‌లో ఒక చర్చి నడిపే ఆడపిల్లల హాస్టల్లో అసిస్టెంటుగా చేరాను. నాకప్పుడు ఇరవై ఒకటి. పిల్లలు నలభై మంది దాకా ఉండేవారు. ఎక్కువమంది చెరకు కోతకు పోయే కూలీల పిల్లలు. సీజన్ నడిచినన్నాళ్లూ చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చే పులిసిన తీపి వాసన మా దుప్పట్లలో కూడా ఉండేది. వార్డెన్ దీవెనమ్మ టీచర్. యాభై అయిదేళ్ల పొట్టి మనిషి. పెళ్లి చేసుకోలేదు. కుడి భుజం కొంచెం కిందికి వాలి ఉండేది. చిన్నప్పుడు తల్లితో పాటు చెరకు మోపులు మోసి అలా అయిందని చెప్పేది. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆమె మాత్రం కళ్లు తెరుచుకుని చేసేది. చేరిన కొత్తలో ఎందుకని అడిగాను. "కండ్లు మూసుకుంటే తలుపు కాడ ఎవరొచ్చి నిలబడ్డరో ఎట్ల తెలుస్తది సుగుణా?" అంది. తమాషాకు అందనుకున్నాను.

ఆదివారం ఆరాధన కాగానే ఆమె ఫ్లాస్కులో గంజి పోసుకుని సర్కారు దవాఖానకు వెళ్లేది. చూడవచ్చేవాళ్లు లేని రోగుల దగ్గర కూర్చునేది. బైబిలు తీసుకెళ్లేది కాదు. ఒక ఆదివారం తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో ఇంకొకామె ఉంది. అరవై ఏళ్లుంటాయి. తల గొరిగి ఉంది. పెదవులు లోపలికి ముడుచుకుపోయాయి. మంజీర ఏటి పక్క పల్లెలో ఊరందరి బట్టలు ఉతికే సాయవ్వ. బాణామతి చేస్తుందని, పిల్లలకు జబ్బులు పెడుతుందని ఊరివాళ్లు ఆమెను స్తంభానికి కట్టేశారు. మంత్రం పలకకుండా ఉండాలని ముందరి పళ్లు పీకేశారు. గాయాలు మానాయి గాని పోవడానికి చోటు లేదు.

"నీ గదిల ఇంకో మంచం పడ్తది గద?" అని అడిగింది దీవెనమ్మ టీచర్. కాదనలేక నా మంచం పక్కకు జరిపాను.

మా ఇంట్లో మూడు తరాల నుంచి క్రైస్తవులమే. కాని బాణామతి మాటకొస్తే ఊళ్లో అందరిలాగే మేమూ. మా చిన్నమ్మ నోట్లోంచి వెంట్రుకలు పడ్డాయనీ, దాంతోనే చనిపోయిందనీ వింటూ పెరిగినదాన్ని. ఆ రాత్రి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలు ఏరి, పొయ్యిలో వేసి, కాలేదాకా నిలబడి చూసేదాన్ని. గోళ్లు కత్తిరించుకోవడమే మానేశాను. అన్నిటికంటే నన్ను వణికించింది ఆమె గొణుగుడు. రోజూ తెల్లవారుజామున మంచం మీద లేచి కూర్చుని, గోడ వైపు చూస్తూ, ఆ పళ్లులేని నోటితో ఏదో ఒకే తీరుగా చదువుతుండేది. నేను దుప్పటి ముసుగులో బైబిలు రొమ్ముకు హత్తుకుని, ఆమె గొంతులో నా పేరు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని.

రెండు వారాలు గడవకముందే ఏడో తరగతి రాణి అన్నం తింటూ తింటూ విరుచుకుని పడిపోయింది. కళ్లు తేలేసింది, పళ్లు కరుచుకుపోయాయి. మరునాడు ఇంకో ఇద్దరు అలాగే పడ్డారు. దీవెనమ్మ టీచర్ ముగ్గురినీ డాక్టరుకు చూపించింది. ఒంట్లో ఏ రోగమూ లేదు, పిల్లలు బాగా భయపడి ఉన్నారని ఆయన చెప్పాడు. ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. సాయవ్వ గొణుగుడు గురించి రాణికి చెప్పింది నేనే. ఆ సంగతి నోరు విప్పి ఒప్పుకోలేదు.

సంఘపెద్ద జయరాజు గారు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. మంచివాడే, ఆయన ముఖంలోనూ భయమే ఉంది. "దీవెనమ్మా, ఆమెనన్న పంపు, లేకుంటే ఉపవాస ప్రార్థన పెట్టి దయ్యాన్నన్న వెళ్లగొడదాం. పిల్లల తల్లిదండ్రులు మా మీదికి వస్తున్నరు" అన్నారు.

దీవెనమ్మ టీచర్ నెమ్మదిగా అంది. "దయ్యం గామెల లేదు జయరాజన్నా. ఉంటే గింటే ఆ పండ్లు పీకినోళ్లల్ల ఉండాలె. నడువు, వాళ్ల ఊరికి పోయి ప్రార్థన చేద్దాం. నేనొస్త." ఆ ఊరికి పోవడానికి ఎవరూ లేవలేదు. వెళ్తూ వెళ్తూ జయరాజు గారు సాయవ్వ ఉన్న గది వైపు చూసి, గోడ వారగా నడిచి వెళ్లిపోయారు.

ఇప్పుడు చెప్పబోయేది నేను చేసిన పని. ఒక అంగడి రోజు కూరగాయలు కొంటుంటే, మెడలో తువ్వాల వేసుకున్న మనిషి ఒకడు పక్కకు వచ్చాడు. "అక్కా, మీ హాస్టల్ల సాయవ్వ అని ముసలామె ఉందట గద. మా మేనత్త. యాడున్నదో తెల్వక పరేషాన్ అయితున్నం" అన్నాడు. ఉంది అన్నాను. ఎలా ఉందని అతడు అడగలేదు. "గేటు కాడ కావలి ఎవరన్న ఉంటరా?" అని అడిగాడు. మేనత్త కోసం వచ్చినవాడు అడిగే మాట కాదది. నాకు అర్థమైంది. అర్థమయ్యే, "ఎవరూ ఉండరు" అన్నాను. ఆమె నా గదిలోంచి పోవాలి, ఎలా పోయినా సరే అనుకున్నాను. సంచిలో వంకాయలు వేసుకుని హాస్టల్‌కు వచ్చాను.

ఆ ఆదివారం మూడు గంటలప్పుడు ట్రాక్టరు వచ్చింది. పన్నెండు మంది దాకా దిగారు. ఒకడు రాయితో గేటు కొట్టడం మొదలుపెట్టాడు. పిల్లల్ని భోజనాల గదిలోకి తోసి గడియ పెట్టాము. దీవెనమ్మ టీచర్ గేటు దగ్గరికి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను, వెళ్లకపోతే నా తప్పు బయటపడుతుందన్నట్టు. వాళ్లలో మెడలో తువ్వాల ఉన్న మనిషి నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

"సాయవ్వను బయటికి పంపు" అన్నాడు ముందున్న మనిషి. అతని పేరు పోశెట్టి. గొంతు బొంగురుపోయి ఉంది. "నా కొడుకు సస్తుండు. అది పెట్టింది అదే తియ్యాలె."

దీవెనమ్మ టీచర్ గేటు ఊచలు పట్టుకుంది. ఆమె చేతుల వణుకుకు గొళ్లెం టకటకలాడటం నాకు వినిపించింది. నా వైపు తిరిగి చిన్న గొంతుతో, "సుగుణా, నా కాళ్లు నిలుస్తలేవు. కుర్చీ తే" అంది. తెచ్చాను. గేటుకు అడ్డంగా ఎండలో వేసుకుని కూర్చుంది. ముఖమంతా చెమట.

"పిలగానికి ఏమైంది?" అని అడిగింది.

"ఏమైందో దాన్ని అడుగు!"

"నిన్ను అడుగుతున్న. తండ్రివి నువ్వు గద. కండ్లు పచ్చగైనయా?"

"అయినయ్."

"అన్నం తింటుండా?"

"తింటలేడు. కక్కుతుండు. పదొద్దులాయె."

"పదొద్దుల సంది దవాఖానకు తీస్కపోలేదా?"

"మంత్రం పెట్టినదానికి దవాఖాన ఏం జేస్తది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. రాయి మళ్లీ గేటుకు తగిలింది. లోపల పిల్లలు కెవ్వుమన్నారు.

ఆమె లేచింది. "ఆమెను ఇయ్య. నన్ను తీస్కపోండ్రి. పిలగాన్ని ఎత్తుకోని నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోదాం. వాని పక్కనే కూసుంట. వానికి ఏమన్నయితే నన్ను ఏం జేసుకుంటరో జేసుకోండ్రి."

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పోశెట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎక్కు" అన్నాడు. ఆమె తాళం తీసి, సందులోంచి బయటికి జరిగి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. "లోపటి నుంచి ఎయ్యి. నేనొచ్చేదాకా ఎవరికీ తియ్యకు. జయరాజన్న వచ్చినా తియ్యకు. సాయవ్వ కాడ కూసో." ట్రాక్టరు డబ్బా పట్టుకుని ఎక్కబోతే చెప్పు జారిపోయింది. ఎవరో అందించారు. ముగ్గురు మనుషులు మాత్రం మేము పారిపోకుండా గేటు బయటే కూర్చుండిపోయారు.

నేను గదిలోకి వెళ్లాను. సాయవ్వ రెండు మంచాల మధ్య నేల మీద ముడుచుకుని ఉంది. తలుపు వేసి, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. బయట వాళ్లు దగ్గినా, బీడీ కోసం అగ్గిపుల్ల గీసినా ఇద్దరమూ ఉలిక్కిపడేవాళ్లం. కాసేపటికి ఆమె గొణగడం మొదలుపెట్టింది. పారిపోవడానికి నాకు చోటు లేదు. మొదటిసారి ఆ మాటలు విన్నాను.

"పటేలోళ్ల దోతులకు ఎర్రదారం. పంతులు ఇంట్లయి నల్లదారం. కమ్మరోళ్ల సీర, అంచుకు మసి మరక..."

"ఏం సదువుతున్నవ్ అవ్వా?" అన్నాను. ఆమెను అవ్వా అని పిలవడం అదే మొదలు.

"ఎవరి బట్టలు ఏవో యాది మరుస్తనేమో అని బిడ్డా" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. "మల్ల పోయినంక వీళ్లయి వాళ్లకిస్తే తిడ్తరు గద." మళ్లీ గోడ వైపు తిరిగింది. "పోశెట్టి కొడుకు సొక్క, సిన్నది. జేబు సినిగింది. ఉతికేటప్పుడు పైలంగ..."

ఆ ఊరు ఆమెను చంపడానికి వచ్చి గేటు ముందు కూర్చుంది. ఆమె ఆ ఊరి బట్టలు వేరు చేస్తోంది. అప్పుడు నాకు బయట ఉన్నవాళ్ల కంటే నా మీదే ఎక్కువ భయం వేసింది. ఇంత పని చేయగలిగినదాన్ని ఇంకేం చేయనని.

రాత్రి తొమ్మిది దాటాక దీవెనమ్మ టీచర్ ఆటోలో వచ్చింది. పిల్లవాడిని చేర్చుకున్నారు, కామెర్లు ముదిరాయి, సూదులు పడుతున్నాయి అని ఆ ముగ్గురికి చెప్పింది. వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆమె నా దగ్గర తాళంచెవి తీసుకుని, "తిన్నరా ఇద్దరు?" అని మాత్రం అడిగింది.

తెల్లవారి వంటింట్లో ఆమె బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. అంగడిలో మనిషి సంగతి, రాణికి చెప్పిన సంగతి. ఆమె చెయ్యి ఆగలేదు. "అంగడి సంగతి తెలుసు. వాడే ట్రాక్టర్ల చెప్పిండు, మీ పంతులమ్మనే చెప్పిందని" అంది.

"నా మీద కోపం లేదా టీచర్?"

"ఉంది. ఎందుకుండదు? కొన్నొద్దులుంటది, పోతది. నీ భయం పోయిందా?"

"లేదు" అన్నాను. నిజం అదే.

"నాది పోయిందనుకున్నవా? నిన్న ట్రాక్టర్ మీద ఒక్క ప్రార్థన నోటికి రాలే. భయం పోయినంక మంచి చేద్దామంటే మన జిందగీల కుదరదు బిడ్డా. భయపడుకుంటనే చెయ్యాలె." తరువాత చేట నా వైపు తోసింది. "ఇగో, రాళ్లు జూడు. నా కండ్లకు ఆనుతలేవు. ఇయ్యాల్టి సంది రాణి పక్కన నువ్వే పండుకో, అది అబద్ధమని నువ్వే చెప్పు."

పిల్లవాడు బతికాడు. దాంతో అన్నీ చక్కబడ్డాయని రాయాలని ఉంటుంది గాని, అలా జరగలేదు. మనం పోయి బెదిరిస్తే సాయవ్వ భయపడి మంత్రం తీసేసింది అని ఊళ్లో చెప్పుకున్నారు. ఆమెను ఊళ్లోకి రానివ్వలేదు. హాస్టల్ నుంచి ఆరుగురు పిల్లల్ని తల్లిదండ్రులు తీసుకుపోయారు. చర్చిలో సాయవ్వ కూర్చున్న చాప మీద చాలాకాలం ఎవరూ కూర్చోలేదు, అటు దీవెనమ్మ టీచర్, ఇటు నేను తప్ప. నేను కూడా ఎన్నో నెలలు వెంట్రుకలు కాలుస్తూనే ఉన్నాను. తెలిసినా చేతులు వినేవి కావు.

సాయవ్వ ఏడేళ్లు అక్కడే బతికి, అక్కడే పోయింది. బాప్తిస్మం తీసుకోలేదు. తీసుకోమని దీవెనమ్మ టీచర్ ఒక్కసారీ అడగలేదు. ఇన్నేళ్లు పెట్టుకుని ఒక్క ఆత్మను రక్షించలేదేమని జయరాజు గారు అడిగితే, "పండ్లు లేని మనిషికి మెత్తగ అన్నం వండిన అన్నా. మిగిలింది దేవుడు చూసుకుంటడు" అందట. నేనప్పటికి సర్కారు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాను. ఆ తరువాత కొన్నేళ్లకు దీవెనమ్మ టీచర్ కూడా పోయింది. చివరిసారి చూసినప్పుడు నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో వచ్చారని మంచం మీద జరిగి, కూర్చోవడానికి చోటు చూపించింది.

నేను ధైర్యస్తురాలిని కాలేదు. రెండు వేల తరువాతి మాట. అప్పటికి నేను ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్‌ను. ఒక అమ్మమ్మ ఇద్దరు అక్కచెల్లెళ్లను తీసుకొచ్చింది. తండ్రి లారీ డ్రైవరు, తల్లీ తండ్రీ ఎయిడ్స్‌తో పోయారు. చిన్నదానికీ ఉంది. అప్పటికే రెండు బళ్లు వాళ్లను చేర్చుకోబోమన్నాయి. ఊళ్లో ఆ జబ్బు పేరు చెప్తేనే మంచినీళ్ల గ్లాసు పారేసే కాలం. తోటి టీచర్లు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నాకు జబ్బు గురించి చదివినదంతా తెలుసు. అయినా చిన్నది వచ్చి నా కుర్చీ చేతి మీద చెయ్యి వేస్తే గుండె ఝల్లుమంది. చెయ్యి తీసుకోలేదు, అంతే. పేర్లు అడిగి రిజిస్టరులో రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఆ బడిలో ఉంటుంది. పై సంతకాలూ కింది సంతకాలూ గీత మీద తిన్నగా ఉంటాయి. ఆ రెండు పేర్ల పక్కన మాత్రం నా సంతకం వంకరటింకరగా, గీత దాటి కిందికి జారిపోయి ఉంటుంది.