నిజం చెప్పిన గ్లెనిస్

ఇంగ్లండులో ఒక బడి వంటశాలలో వడ్డించే గ్లెనిస్‌కు అరవై దాటాయి. "నాకింకా పెట్టలేదు" అని ఏ పిల్ల అబద్ధమాడినా నమ్మి, నవ్వుతూ రెండోసారీ వడ్డిస్తుంది. తొమ్మిదేళ్లప్పుడు, దిక్కులేని పిల్లల బాగోగులు చూసే ఊరి కౌన్సిల్ ఆమెను ఎవరింట్లోనో పెంపకానికి ఉంచింది. బెల్టుతో బాదుతున్నారని ఆమె మొరపెట్టుకుంటే, ఆఫీసువాళ్లు ఫైల్లో 'అబద్ధాలకోరు' అని రాసుకున్నారు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కౌన్సిల్ మీద దావా వేసింది. పరిహారమిస్తామన్నా ఒప్పుకోక, తప్పు నోటితో ఒప్పుకోవాలని మూడేళ్లు పట్టుబట్టింది. నిన్న కోర్టులో కౌన్సిల్ పెద్దాయన లేచి, టై సర్దుకుని, "మీరు చెప్పింది నిజమేనమ్మా. నమ్మకపోవడం మా తప్పు" అన్నాడు.

"కాస్త గట్టిగా, నాయనా! మా లాయరమ్మకు చెవుడు."

"నాకా?" అంది లాయరమ్మ.

ఆయన మళ్లీ గట్టిగా చెప్పాడు. గ్లెనిస్ మోకాళ్ల నొప్పి మరచి వరండా పొడవునా గంతులేసింది. నేల తుడుస్తున్నతని చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పి, "నేను నిజమే చెప్పానట!" అంది.

"ఎప్పుడు చెప్పావు తల్లీ?"

"యాభై రెండేళ్ల కిందట!"