తెల్లగా కుట్టిన నాలుగు వారాలు

నా చిన్నప్పుడు, ఒక మనిషి ఎందుకు మారాడో తెలుసుకోవడానికి కిరాణా కొట్టులో బెల్లం పొట్లాలు విప్పుతూ తిరిగాను. నవ్వకండి. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా ఇంట్లో ఒక మనిషి మారాల్సిన అవసరం చాలా ఉండింది.

మాది మాదాపూర్. ఇప్పుడా పేరు చెబితే ఆఫీసులూ హాస్టళ్ళూ గుర్తొస్తాయి గానీ, అప్పుడది బండలు కొట్టేవాళ్ళకు పని దొరికే ఊరు. మా నాయిన ఆ బండల మీద మేస్త్రి. ఆయనకు చదువు రాదు. మా అన్న పదో తరగతికి వచ్చినప్పటి నుంచి దారిన పోయేవాళ్ళను కూడా ఆపి, "మావోడు పది పరీక్ష రాస్తుండు" అని చెప్పుకునేవాడు. అన్న ఏం చేశాడు? లెక్కల పరీక్ష నాడు హాలుకు పోకుండా దోస్తులతో సినిమాకు పోయాడు. ఆ సంగతి నాయినకు బండల దగ్గర, పదిమంది కూలీల ముందు తెలిసింది. ఇంటికొచ్చి కొట్టలేదు, తిట్టలేదు. అన్నతో మాట మానేశాడు, అంతే. రెండు దెబ్బలు వేసి ఉంటే అయిపోయేదని అమ్మ చాలాసార్లు అనేది.

ఆరు నెలలు అట్లాగే గడిచాయి. నాయిన తిని లేచాక అన్న తినేవాడు. అన్న ఉన్న గదిలోకి నాయిన వచ్చేవాడు కాదు. ఇద్దరి మధ్యా చెంబూ తువ్వాలా అందించడమే నా పని. చివరికి అన్నకు విసుగొచ్చింది. బొంబాయి దగ్గర భివండిలో మగ్గాల పనికి పోతున్న ఒక దోస్తుతో తానూ పోతానన్నాడు. "నాయిన ఒక్క మాట అంటె ఆగుత చెల్లె. పోకు అని ఒక్క మాట. అనడు, నాకెరుకనే" అన్నాడు. బండి ఎక్కడానికి ఇంకా ఇరవై రోజులుంది. ఆ ఇరవై రోజుల్లో నాయిన నోటి నుంచి ఆ ఒక్క మాట రప్పించడం ఎట్లాగని నాకు అన్నం సయించేది కాదు.

మా పక్కింట్లో కిరాయికి ఉండే అక్క మా బడిలో టీచరు. గోదావరి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చింది. ప్రతి శనివారం సిటీకి పోయి ఒక వారపత్రిక తెచ్చుకునేది. చదివాక అందులో సీరియల్ వచ్చే పేజీలను కత్తిరించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసేది. అప్పట్లో చదువుకున్న ఆడవాళ్ళ ఇళ్ళల్లో ఇట్లాంటి కుట్టు పుస్తకాలు అర బీరువా ఉండేవి. అక్క వంట చేస్తుంటే గడప మీద కూర్చుని ఆ సీరియల్ పైకి చదివి వినిపించడం నా వంతు. నాకు ధారాళంగా చదవడం అట్లా వచ్చిందే.

ఆ సీరియల్‌లో ఒక రైసుమిల్లు యజమాని ఉండేవాడు. మహా మూర్ఖుడు. తమ్ముడు ఏదో తప్పు చేశాడని పందొమ్మిదో వారంలో వాడి మొహం మీదే తలుపు వేశాడు. తలుపు చప్పుడు చదువుతుంటే మా నాయినే కళ్ళ ముందు కనబడ్డాడు. ఆత్రంగా పేజీ తిప్పితే ఇరవైనాలుగో వారం వచ్చింది. అందులో అదే మనిషి తమ్ముడి విస్తరి ముందు కూర్చుని, "ఇంకొంచెం వేసుకోరా" అని తానే నెయ్యి వడ్డిస్తున్నాడు!

మధ్యలో నాలుగు వారాలు లేవు. ఆ నెల అక్క వాళ్ళమ్మకు జబ్బు చేస్తే ఊరికెళ్ళింది, పత్రిక కొనలేదు.

"మధ్యల ఏమైందక్కా?" అన్నాను.

"ఏమోనే అమ్మాయ్, నాకూ తెలీదు. ఏదో అయ్యుంటుంది, మారాడు" అని అక్క పప్పు కలుపుకుంటూ ఉండిపోయింది. ఆమెకు అదొక కథ. నాకు మాత్రం కావాల్సిన మందు సరిగ్గా ఆ నాలుగు వారాల్లోనే ఉంది. ఆ మనిషికి ఏమైందో తెలిస్తే, అదే మా నాయినకూ అయ్యేట్టు చూడొచ్చు కదా!

మా ఊరి కిరాణా కొట్టులో పాత పత్రికలు చింపి పొట్లాలు కట్టేవాళ్ళు. బడి వదలగానే అక్కడికి పోయి కట్టిపెట్టిన పొట్లాలన్నీ తిప్పి తిప్పి చూసేదాన్ని. మూడో రోజు కొట్టాయన పట్టుకున్నాడు. "ఏందే పొల్లా, బెల్లం గిట్ట దొంగిలిస్తున్నవా?" అని చెవి మెలిపెట్టాడు. కథ కోసమని చెబితే మొదట నమ్మలేదు, తర్వాత కడుపుబ్బ నవ్వాడు, ఆ తర్వాత పాపం తానే రెండు కట్టలు దించి ఇచ్చాడు. నాలుగు వారాల్లో ఒక్క కాగితం దొరికింది. దానికి కారం అంటుకుని ఉంది. మిల్లు యజమాని తడిసిన వడ్ల గురించి ఎవరినో కసురుకుంటున్నాడు. మారిన జాడే లేదు. ఆ కాగితం పట్టుకుని అక్క దగ్గరికి పోయి బోరున ఏడ్చాను. ఎందుకో అప్పుడు చెప్పాను.

అక్క నా మొహం తుడిచి ఇంటికి పంపింది. ఆ తర్వాతి ఆదివారం నన్ను పిలిచి, సిటీలో స్నేహితురాలి దగ్గర ఆ వారాలు దొరికాయనీ, రాసుకొచ్చాననీ నాలుగు కాగితాలు చేతిలో పెట్టింది. గుండ్రటి అక్షరాలు, ఆమె చేతిరాతే. అందులో మిల్లు యజమాని కూతురు కాలువలో పడుతుంది. తమ్ముడు దూకి, పిల్లను భుజాన వేసుకొచ్చి, అన్న చేతుల్లో పెడతాడు. ఆ తడిసిన చేతులు చూసి అన్న కరిగిపోతాడు. చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. చదివాక అక్క ఆ కాగితాలను పుస్తకంలో వాటి చోట కుట్టేసింది.

మా ఊళ్ళో కాలువ లేదు, కానీ బండలు కొట్టిన గుంతలు బోలెడు. మర్నాడు సాయంత్రం ఒక ఎండిన గుంతలోకి మెల్లగా దిగి, మోకాలు కావాలని గీరుకుని, అన్నను కేకలు వేశాను. అన్న పరిగెత్తుకొచ్చాడు. అనుకున్నట్టే భుజాన వేసుకున్నాడు. అరుగు మీద కూర్చున్న నాయిన మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. నాయిన అన్న మొహం వంక చూడకుండా నన్ను అందుకుని, "పసుపు పెట్టు" అని అమ్మతో చెప్పి లోపలికి తీసుకుపోయాడు. నాయిన భుజం మీద నుంచి వెనక్కి చూశాను. అన్న వాకిట్లోనే నిలబడ్డాడు. నన్ను దించేసిన చేతులు ఇంకా అట్లాగే కొంచెం చాపి ఉన్నాయి.

అన్న చెప్పిన రోజుకే పోయాడు. అమ్మ సద్ది కట్టింది. నాయిన తెల్లారకముందే బండల మీదికి పోయాడు, ఆ రోజు సుత్తి చప్పుడు చాలా పొద్దుపోయేదాకా ఆగలేదు.

నేను పోయి అక్క మీద అరిచాను, మీ కథ అబద్ధమని. గుంత సంగతి విని అక్క గబగబా నా మోకాలు తిప్పి చూసింది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని నిజం చెప్పింది. ఆ నాలుగు వారాలూ ఆమె కల్పించినవే.

"నువ్వు ఏడుస్తుంటే చూళ్ళేకపోయానే. కథలో మనిషి మారాలంటే వాడికి ఏదో ఒకటి జరగాలి. జరగకుండా మారితే చదివేవాళ్ళు ఒప్పుకోరు. అందుకని కాలువ పెట్టాను. మీ నాన్నకి ఏం జరగాలో నాకెలా తెలుస్తుందే? ఎవరికీ తెలీదు. నేను రాసుండాల్సింది కాదు" అన్నది. తర్వాత పుస్తకం కుట్టు విప్పి, తన కాగితాలు నాలుగూ తీసి పొయ్యిలో పెట్టింది. వాటి స్థానంలో నాలుగు తెల్ల కాగితాలు పెట్టి, మళ్ళీ కుట్టి, పుస్తకం నాకిచ్చేసింది. తెలియనిదాన్ని తెలియనట్టే వదిలేయాలని చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. తెల్ల కాగితాలు ఎవరికి కావాలి?

అక్కకు ఆ ఏడే బదిలీ అయింది. ఆమె ఒద్దన్న పనినే నేను మొదలుపెట్టాను.

నెలకో ఉత్తరం అన్న దగ్గర నుంచి అమ్మ పేరున వచ్చేది. చదివేదీ, జవాబు రాసేదీ నేనే. అన్న ఎన్నడూ నాయిన ఊసెత్తేవాడు కాదు. ఒకసారి ఉత్తరం చివర, లేని వాక్యం ఒకటి పైకి చదివేశాను. "నాయిన ఎట్లున్నడు? దగ్గు తగ్గిందా?" అని. గోడవైపు తిరిగి కూర్చున్న నాయిన వీపు కదిలింది. "ఇంకోపారి సదువు" అన్నాడు. చదివాను. ఆ సంబరంలో జవాబులోనూ నా మాటలు కలిపాను. 'నాయన నిన్నే తలచుకుంటున్నాడు, నా బంగారుకొండ ఎట్లున్నాడో అని కన్నీరు పెట్టుకుంటున్నాడు' అని రాశాను. మిల్లు యజమాని మాటలన్నీ మా నాయిన నోట్లో కుక్కాను. ప్రతి నెలా ఇదే తంతు. ఇటు వాళ్ళకు అటు మాటలు, అటు వాళ్ళకు ఇటు మాటలు, అన్నీ నావే. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయేదాన్ని.

రెండేళ్ళు పోయాక, ఒక మధ్యాహ్నం, నేను జవాబు రాస్తుంటే నాయిన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రాతిపొడి అంటిన వేళ్ళు చూసుకుంటూ, "దసరకు రమ్మను" అన్నాడు. కాసేపాగి, "నేను రమ్మన్ననని రాయి" అన్నాడు.

అది నిజం. నా చెవులతో విన్నాను. ఎందుకు మారాడో ఈనాటికీ తెలియదు. నేను అల్లిన ముక్కలకో, దగ్గుకో, లేక తాను తిని లేచాక తినేవాడు ఇంట్లో లేకపోవడానికో. ఏదో అయింది, మారాడు.

ఆ రెండు ముక్కలూ ఉన్నవి ఉన్నట్టు రాస్తే నా సొమ్మేం పోయేది? నాకవి చప్పగా అనిపించాయి. 'దసరాకు రా, నీ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాను బాబూ, నా తప్పు క్షమించు' అని పూలు కుట్టి పంపాను.

అన్న జవాబు వచ్చింది. "చెల్లే, నువ్వు మంచిదానివి. ఈ మాటలు నువ్వే రాస్తున్నవని నాకు మొదటి నుంచి ఎరుకనే. నాయిన గిట్ల మాట్లాడడు. ఇగ నా కోసం పరేషాన్ కాకు" అని ఉంది. నాయిన గోడవైపు తిరిగి ఎదురుచూస్తున్నాడు. నిజం రాస్తే నమ్మేవాడే మా అన్న. ఆ మాటను నా చేత్తో నేనే అబద్ధం చేశాను. "సెలవు దొరుకలేదంట నాయినా" అని చదివాను. "ఔనా" అన్నాడు నాయిన. దసరా నాడు ఎందుకో పొద్దున్నే గడ్డం గీయించుకుని, మధ్యాహ్నం బస్సు వచ్చి పోయేదాకా అరుగు మీదనే కూర్చున్నాడు. మళ్ళీ ఉత్తరాలు రాశాను, ఒట్లు పెట్టాను, ఈసారి నిజమన్నా అని బతిమాలాను. ఒట్లు పెట్టేకొద్దీ అన్నకు నమ్మకం ఇంకా పోయింది.

అన్న మరుసటి ఏడు వచ్చాడు. నాయిన దగ్గు ముదిరి చనిపోయాడని తంతి ఇస్తే వచ్చాడు. అన్నీ అయ్యాక పక్కకు తీసుకుపోయి, నాయిన 'దసరకు రమ్మను, నేను రమ్మన్ననని రాయి' ఇంతే అన్నాడని చెప్పాను. ఈసారి ఒక్క ముక్క కలపలేదు. అన్న నా మొహంలోకి అదోలా చూసి, "గిదే రాయకపోయినవా చెల్లె" అన్నాడు. అప్పుడైనా నమ్మాడో, నన్ను ఊరడించడానికి అన్నాడో అడగలేకపోయాను. ఇప్పుడు అన్న కూడా లేడు.

ఆ కుట్టు పుస్తకం నా దగ్గరే ఉంది. కొండాపూర్‌లో మా అబ్బాయి ఫ్లాట్‌లో, నా మాత్రల డబ్బా పక్కన. మా మనవరాలు ఇంట్లో మాటమాత్రం చెప్పకుండా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసింది. వాళ్ళ నాన్న మాట్లాడటం మానేశాడు. పిల్ల అలిగి మాదాపూర్‌లో హాస్టల్‌కు మారింది. నాలుగు నెలలైంది. మేం బండలు కొట్టుకున్న చోట అద్దాలూ లిఫ్టులూ వచ్చాయి గానీ, మా వాడికి తాత పోలిక ఎక్కడికీ పోలేదు. అటు కోడలు, ఇటు నేను, ఇద్దరం ఏమీ చేయలేక చూస్తూ కూర్చున్నాం.

పిల్ల రోజూ మధ్యాహ్నం నాకు ఫోన్ చేస్తుంది. తిన్నావా అంటుంది, మోకాళ్ళ నొప్పి ఎట్లుందంటుంది. చివర్లో గొంతు తగ్గించి, "నాయనమ్మా, డాడీ నా గురించి ఏమన్నా అడిగిండా?" అంటుంది.

నా నోటి చివర ఎన్ని మాటలుంటాయో! అడిగాడమ్మా, రాత్రి నీ ఫొటో చూస్తూ కూర్చున్నాడమ్మా అని ఎంత అందంగా అల్లగలనో. పుస్తకంలో ఆ నాలుగు తెల్ల కాగితాల మీద చేయి పెట్టి, "లేదు బిడ్డా, అడగలే" అంటాను. అవతల పిల్ల ఊపిరి వినబడుతుంది.

ఏదో ఒకరోజు వాడు అడుగుతాడు. ఆ రోజు పిల్ల నా మాట నమ్మాలి.