హైమావతి మూడో అంతస్తు

"కిందంత ఇల్లు ఉండంగ, పైన గది ఎవరిని చూసేదానికే?"

ఈ మాట అడిగింది రామతులసమ్మ. సమాధానం చెప్పవలసింది ఆమె కోడలు హైమావతి. మార్కాపురంలో పలకల దుకాణం వెనక వంటింటి గడప మీద కూర్చుని, సావిట్లో పనిచేస్తున్నవాళ్లందరూ వినేటట్టు అడిగింది అత్త. కోడలు పప్పు ఎనుపుతూ తల ఎత్తకుండానే, "ఎవరినీ చూడకుండ ఉండేదానికి అత్తా" అన్నది.

మేడ మీద కాపురం ఎందుకు కావాలనిపిస్తుందో ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్లు తక్కువ. మేడలో ఉండేవాడికి నిద్ర పట్టదనీ, పూరిపాకలోనే మనశ్శాంతి ఉందనీ రాసేవాళ్లు ఆ మాటలు ఫ్యాను కింద కూర్చుని రాస్తారు. హైమావతికి ఆ భ్రమ లేదు. ఆమెకు మనశ్శాంతి అక్కర్లేదు, మూసుకోవడానికి ఒక తలుపు కావాలి.

ఆ ఇంట్లో తలుపులు లేకపోలేదు. మూసే వీలు లేదు. ముందు దుకాణం, మధ్యలో పలకలకు చెక్క చట్రాలు బిగించే సావిడి, వెనక వంటిల్లు. మీద ఒక వరస గదులున్నా వాటినిండా సరుకు, సరుకు లేని మూలన చుట్టాలు. రాతిపొడి గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉండేది. పెరుగు మీద మీగడతో పాటు అదీ పేరుకునేది. కొత్త రాష్ట్రం వచ్చి, రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదు పోయిన ఏడాది అది. పల్లెపల్లెకూ బడి పెడతామని ప్రభుత్వం అనడంతో పలకలకు గిరాకీ పెరిగింది. గిరాకీతో పాటు పొడి కూడా పెరిగింది. హైమావతి భర్త కోటేశ్వర్లు పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా మనుషుల మధ్య ఉండేవాడు. ఆయనకు అదే ఇష్టం.

ఆ పెరిగిన వ్యాపారం పని మీదే భార్యాభర్తలు మద్రాసు వెళ్లారు. వీళ్ల దగ్గర పలకలు కొనే పెద్ద వ్యాపారి తన ఇంట్లోనే దింపాడు. సముద్రం వైపు నాలుగంతస్తుల భవనం, అన్నిటికంటే పైన ఆయన కాపురం. లిఫ్టులో పైకి పోతుంటే హైమావతి భర్త చెయ్యి పట్టుకోలేదు, ఆయనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పైన చలవరాయి పరిచిన గదులు, తిప్పితే నీళ్లు వచ్చే కుళాయిలు, బయట డాబా మీద పూలకుండీలు, రెండు పేము కుర్చీలు. ఆమెను పట్టేసుకున్నది అవేవీ కావు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ ఇంటామె తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. సాయంత్రం దాకా ఆమె కోసం ఒక్కరూ రాలేదు. కింద వీధి నడుస్తూనే ఉంది, ఆ చప్పుడు పైదాకా రాలేదు. హైమావతి పేము కుర్చీలో కూర్చుని సముద్రపు గాలికి కళ్లు మూసుకుంది. లేచేసరికి చీకటి పడుతోంది. పెళ్లయిన తర్వాత పగటిపూట నిద్రపోవడం ఆమెకు అదే మొదలు.

తిరిగి వచ్చిన వారానికే మూడో అంతస్తులో ఒక గది వేసే మాట ఎత్తింది. డబ్బు మాటకు వస్తే, అది ఆమెదే. పలకల ఇళ్లలో విరిగిన ముక్కలు ఆడవాళ్లవి. ఆ ముక్కల్ని చిన్నసైజుకు కోయించి, చట్రం కట్టించి అమ్ముకుంటే వచ్చిందంతా వాళ్లకే, మగవాళ్లు అడగరు. తక్కిన ఇళ్లలో ఆడవాళ్లు దాన్ని గాజులకూ నోములకూ ఖర్చు పెట్టేవాళ్లు. హైమావతి చిన్నపలకల్ని పామూరు, దర్శి సంతలకు పంపి కూడబెట్టింది. పుల్లలచెరువు అవతలి అడవి పల్లెల పిల్లలు దిద్దుకున్న పలకల్లో సగం ఆమె ముక్కలే.

గది లేస్తుంటే ఊళ్లో మాటలు లేచాయి. హైమావతి స్వర్గానికి నిచ్చెన వేసిందంట అని పక్కింటివాళ్లు నవ్వుకున్నారు. భజన మండలి పెద్ద సీతారామాంజనేయులు ప్రత్యేకంగా వచ్చి, గుడి గోపురానికి పోటీగా ఇల్లు కట్టకూడదని హితవు చెప్పాడు. చెన్నకేశవస్వామి గోపురం పక్కన ఈ గది పెడితే మోకాలికి కూడా రాదు. కళ్లున్నవాళ్లకు అది దుకాణం మెట్ల మీద నుంచే కనపడుతుంది. ఆయన మాత్రం ఆ వైపు చూడకుండానే మాట్లాడి వెళ్లిపోయాడు.

కోటేశ్వర్లుకు దేవుడి భయం కంటే జాగా బెంగ ఎక్కువ. గది పూర్తయిన రోజు పైకి వచ్చి, నలుమూలలా చూసి, చేతులు వెనక్కి కట్టుకుని ఒక షరతు పెట్టాడు.

"సరే, ఉండు. వానలు పడేలోపల వేడికి ఓర్వలేక ఒక్కనాడు కింద పండుకున్నా, ఇది పలకల గోడౌను. ఒప్పుకుంటివా?"

"ఒప్పుకుంటి. వానలు పడినాక మళ్ల ఈ మాట ఎత్తకూడదు."

గది బాగా కుదిరింది. మూడు వైపులా కిటికీలు, పడమటి కిటికీలోంచి దూరాన నల్లమల గీతలాగా కనపడేది. మద్రాసులో చూసినట్టే కప్పు సిమెంటు స్లాబు వేయించింది. బజారులో అదే మొదటి స్లాబని మేస్త్రీ నాలుగు రోజులు మీసం దువ్వుకున్నాడు. మాఘమాసంలో ఆమె పైకి మారింది. రెండు నెలలు నిజంగానే స్వర్గం. వంటపని అయ్యాక మెట్లెక్కి తలుపు గడియ వేసుకునేది. కింద నుంచి ఎవరైనా పిలిస్తే సగం పిలుపులు వినపడేవి కావు, తక్కినవి విన్నా వినపడనట్టే ఉండేది. అట్లా ఉండటం ఎంత హాయో కనిపెట్టాక ఆమె వొళ్లు కూడా కొంచెం తేరుకుంది.

చైత్రం దాటింది. మద్రాసు మేడకు సముద్రం ఉంది, మార్కాపురం మేడకు ఎండ ఉంది. రెండూ మేడలే అయినా గాలి వేరని ఆమెకు అప్పుడు తెలిసింది. పగలంతా స్లాబు కాగి, రాత్రంతా ఆ వేడిని కిందికి దింపేది. పడమటి కిటికీ తెరిస్తే పొయ్యి మూత తీసినట్టు ఉండేది. తడిబట్ట కప్పుకుని పడుకుంటే అది ఇట్టే ఆరిపోయేది. పొద్దున కిందికి దిగి, పైన గాలి ఎట్ల ఉందమ్మా అని అడిగినవాళ్లకు, "బ్రహ్మాండంగ ఉంది" అని చెప్పేది. కళ్లు ఎర్రబడి ఉండేవి. కోటేశ్వర్లు పలకల కట్టలు ఎన్ని పడతాయో అన్నట్టు మెట్ల వైపు చూసేవాడు.

వైశాఖం చివర చెల్లెలి కూతురు నామకరణానికి గిద్దలూరు పోయింది. అక్కడ పాత మట్టి మిద్దె కింద చల్లగా నిద్రపోయి లేచి, ఇక చాలనుకుంది. ఇంటికి పోగానే పరుపు కిందికి దింపుకోవాలి, గది ఆయనకు అప్పగించాలి. నవ్వేవాళ్లు నాలుగు రోజులు నవ్వుతారు. రైలు దిగి, జట్కా ఎక్కి, మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరింది. కాళ్లు కూడా కడుక్కోకుండా, పరుపు తెచ్చుకోవడానికే పైకి పోయింది.

మెట్ల పొడుగునా మట్టి రాలి ఉంది. తల ఎత్తి చూస్తే తన తెల్లటి స్లాబు మీద మెట్ల నుంచే కనపడేటంత మందాన చవుడు. ఆ తాలూకాల్లో పాత ఇళ్ల కప్పులన్నీ ఆ ఉప్పుమట్టివే. వానల ముందు ఏటేటా కొత్త పొర పోయకపోతే కారతాయి. రామతులసమ్మ ఎప్పటిలాగే బండి కాటమరాజును పిలిపించి, ఇంట్లో ఎన్ని కప్పులుంటే అన్నిటికీ పొయ్యమన్నది. సిమెంటుకు చవుడు అక్కర్లేదన్న సంగతి ఆమెకు తట్టలేదు, అతనికీ తట్టలేదు. పైగా కొత్త కప్పు మీద గుప్పెడు మట్టైనా లేదే అని జాలిపడి, అతను దానికి రెండింతలు పోశాడు.

హైమావతికి ఏడుపొచ్చింది. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టింది. ఆగింది. వెలుపల మెట్లు కాలుతున్నాయి, గది కాలడం లేదు. మంచం ఎక్కి చెయ్యి చాపి కప్పును తాకి చూసింది. తను ఊరికి పోయేనాటికి పెనంలా ఉన్న స్లాబు ఇప్పుడు చవుడు కింద గోరువెచ్చగా ఉంది. కిటికీలు మూసింది. గడియ పెట్టింది. పరుపు అక్కడే ఉండనిచ్చి దాని మీదే పడుకుంది.

ఆమె లేచి కిందికి వచ్చేసరికి దుకాణంలో దీపాలు పెట్టారు. అత్త గడప మీదే కూర్చుని ఉంది.

"స్లాబుకు చవుడు ఏంది అత్తా?"

"ఏంది అంటే? మిద్దె అన్నాక చవుడు లేకుండ ఉంటదా? నువ్వు లేవు గదా అని నేనే చూసుకున్నా." మళ్లీ రామతులసమ్మే, "తీసేయమంటావా?" అన్నది.

"వద్దులే. పోసినాక తీసేది ఎందుకు."

అత్తకు కోడలు అంత తేలిగ్గా ఊరుకోవడం నచ్చలేదు. మర్నాడు మధ్యాహ్నం సంగతేమిటో చూద్దామని మోకాళ్లు పట్టుకుని మూడో అంతస్తు దాకా ఎక్కింది. కిందికి దిగింది దీపాల వేళకే. ఆ తర్వాత రోజూ ఎక్కింది. ఎవరినీ చూడకుండా ఉండటానికి కట్టుకున్న గదిలో అత్తను చూడవలసి రావడం హైమావతికి కొంచెం కష్టమే. కాని రామతులసమ్మ పడుకోగానే నిద్రపోయేది, కింద నుంచి ఎవరు పిలిచినా కోడలికంటే గట్టిగా వినపడనట్టు ఉండేది. ఇద్దరు ఆడవాళ్లూ లేని ఆ మధ్యాహ్నాల్లో మజ్జిగ ఎక్కడుందో కోటేశ్వర్లే వెతుక్కున్నాడు.

మృగశిరలో మొదటి వాన పడింది. గది మూల కొంచెం చెమ్మ దిగింది. హైమావతి అక్కడ బట్టల పెట్టె జరిపి పెట్టింది. కోటేశ్వర్లు పైకి వచ్చి, కప్పు చూసి, గురకపెడుతున్న తల్లిని చూసి, దిగిపోయాడు. గోడౌను సంగతి మళ్లీ ఎత్తలేదు. పలకలకు వీధి చివర ఒక కొట్టు అద్దెకు తీసుకున్నాడు.

చిక్కల్లా కాటమరాజుది. పంటలయ్యాక కూలి అడగడానికి వచ్చాడు. కింది మిద్దెలకు కోటేశ్వర్లు వెంటనే ఇచ్చాడు. స్లాబు దుకాణం ఖర్చు కాదు, పైవాళ్లను అడుగు అన్నాడు. హైమావతి, పొయ్యమన్నది నేను కాదు గదా అన్నది. రామతులసమ్మ, గది కోడలిది, నేను చుట్టపుచూపుగ పోతా ఉంటా అన్నది. కాటమరాజు ముగ్గురినీ చూసి తల గోక్కుని, మళ్ల వస్తాలే అవ్వా అని బండి తోలుకుపోయాడు. మూడు బండ్ల చవుడుకూ పైకి మోసిన కూలికీ కలిపి అతనికి తొమ్మిది రూపాయలు ఇంకా రావాలి.